ఒకే స్టాండు ముందు ఇద్దరు

ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాళ్లు ఇద్దరిద్దరుగా కూర్చుంటారు. ఇద్దరికీ కలిపి ఒకటే స్టాండు, దాని మీద ఒకటే స్వరాల పుస్తకం. పేజీ అయిపోవస్తుంటే లోపలివైపు కూర్చున్నవాళ్లు కమాను ఆపి తిప్పాలి. ప్రేక్షకుల వైపున్నవాళ్లు వాయిస్తూనే ఉంటారు. కమాను ఎక్కడ పైకి పోవాలో, ఎక్కడ కిందికి రావాలో పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటారు. మన కచేరీల్లో పక్కవాద్యం వాయించే నాకు ఈ పద్ధతి మొదట వింతగా తోచింది. మాకు పుస్తకమూ ఉండదు, జంటా ఉండదు. గాయకుడు ఎటు పోతే అటు పోవడమే.

ఆ జంటలో ఒకరిది ఇజ్రాయెల్, ఇంకొకరిది సిరియా అయితే? 1999లో జర్మనీలోని వైమార్‌లో డేనియల్ బారెన్‌బోయిమ్, ఎడ్వర్డ్ సయీద్ చేసిన పని అదే. ఆయన బ్యూనస్ ఎయిరిస్‌లో పుట్టి ఇజ్రాయెల్‌లో పెరిగిన యూదు పియానిస్టు, ఈయన జెరూసలేంలో పుట్టిన పాలస్తీనా మేధావి. వైమార్‌ను ఆనుకునే బూకెన్‌వాల్డ్, నాజీల నిర్బంధ శిబిరం. ఇజ్రాయెల్, అరబ్ దేశాల నుంచి వచ్చిన యువ వాద్యకారులను అక్కడికీ తీసుకెళ్లారు. పారశీక కవి హాఫిజ్‌ను చదివి జర్మన్ కవి గోథే రాసిన సంపుటి పేరు మీదుగా తమ ఆర్కెస్ట్రాకు వెస్ట్-ఈస్టర్న్ దివాన్ అని పేరు పెట్టుకున్నారు.

దీన్ని శాంతి ఆర్కెస్ట్రా అంటే బారెన్‌బోయిమ్ ఒప్పుకోడు. ఫిడేళ్లతో యుద్ధాలు ఆగవు, అవతలివాళ్ల గురించి తెలియనితనం మీదే మా పోరు అంటాడు. ఆయనలో నాకు నచ్చింది ఈ బడాయి లేనితనమే. సంగీతం ఎల్లలు చెరిపేస్తుందని మన సభల్లో శాలువాలు కప్పేటప్పుడు చెప్పే మాటల కంటే ఇది నయం.

2005 ఆగస్టు 21న వాళ్లు పాలస్తీనా పట్టణం రమల్లాలో వాయించారు. అప్పటికి సయీద్ పోయి రెండేళ్లు కావస్తోంది. ఇజ్రాయెలీలు ఆ ఊళ్లోకి వెళ్లడం వాళ్ల చట్టం ప్రకారం నిషిద్ధం. అరబ్ దేశాల వాళ్లకు ఇజ్రాయెల్ కాపలా దాటడం అంతకంటే కష్టం. చివరికి స్పెయిన్ ప్రభుత్వం అందరికీ దౌత్య పాస్‌పోర్టులిచ్చింది. అక్కడ వాయించినవాటిలో బీథోవెన్ ఐదో సింఫనీ ఒకటి. అది శబ్దంతో కాదు, చిన్న విరామంతో మొదలవుతుంది. మా లెక్కలో అనాగత ఎడుపు, అంటే తాళం మొదలయ్యాక ఎత్తుకోవడం. ఆ ఖాళీని తంత్రీవాద్యాల వాళ్లంతా ఒకే ఊపిరిలో లెక్కపెట్టుకుని ఎత్తుకోవాలి. పక్కవాడి భుజం కదలిక కంటి కొసకు అందకపోతే ఎత్తుగడే చెదిరిపోతుంది. పక్కన కూర్చున్నది ఎవరన్నది అప్పుడు ఎవరికి గుర్తుంటుంది? కచేరీ అయ్యాక గుర్తుంటుంది, అది వేరే సంగతి.

ఇదంతా పైపూత అన్నవాళ్లూ ఉన్నారు. ఇజ్రాయెల్ ఆక్రమణ అలాగే ఉండగా కలిసి వాయిస్తే, అంతా సవ్యంగా ఉన్నట్టు లోకాన్ని నమ్మించడమే కదా అని పాలస్తీనా వాళ్లే అడిగారు. కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదది. 2006 వేసవిలో లెబనాన్ మీద ఇజ్రాయెల్ బాంబులు పడుతుంటే అరబ్ వాద్యకారుల్లో కొందరు అసలు రాలేదు. వాళ్లను నేను తప్పుపట్టను. వచ్చినవాళ్లను తలుచుకుంటేనే నాకు గుండె దడదడలాడుతుంది. తిరిగి ఇంటికెళ్లాక, వాళ్ల పక్కన కూర్చుని ఫిడేలు వాయించొచ్చావా అని నిలదీసే బాబాయికి బీథోవెన్ పేరు చెబితే సరిపోదు.