ముద్ర తెగిన పాట: సామాజిక మాధ్యమాల్లో ఒప్పందం లేని సంగీత బృందాల ఆత్మప్రచారం

ఏ రికార్డింగు సంస్థతోనూ ఒప్పందం లేని సంగీత బృందం తన పాటను తానే శ్రోత దగ్గరకు చేర్చుకోవాలి. పోస్టరు అంటించేవారు, రేడియో కేంద్రం చుట్టూ తిరిగేవారు, పత్రికలకు కబురు పంపేవారు దానికి ఉండరు. ఈ పనులన్నీ సామాజిక మాధ్యమాలు ఖర్చు లేకుండా చేసిపెడతాయన్న నమ్మకం గత ఇరవై ఏళ్లలో స్థిరపడింది. ఈ నమ్మకాన్ని పరిశీలించే చర్చలు తరచుగా వీక్షణల సంఖ్యతో మొదలై అక్కడే ఆగిపోతాయి. పాట వెళ్లిన చోటికల్లా పాడినవారి పేరు కూడా వెళుతోందా అన్న ప్రశ్న అంతకంటే కీలకమైనది.

ఈ నమ్మకానికి మూలకథ ఇంగ్లండులోని షెఫీల్డు నగరంలో ఉంది. 2002లో అక్కడ ఏర్పడిన ఆర్కిటిక్ మంకీస్ బృందం తన తొలి పాటలను సీడీలుగా చేసి ప్రదర్శనలకు వచ్చినవారికి ఊరికే పంచింది. అందుకున్నవారు వాటిని కంప్యూటర్లలోకి ఎక్కించి ఒకరికొకరు పంపుకొన్నారు. మైస్పేస్‌లో బృందం పేరిట పుట తెరిచినవారూ అభిమానులే. 2005లో ఆ బృందం డొమినో సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఆ అక్టోబరులో వెలువడిన పాట బ్రిటన్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. 2006 జనవరిలో వచ్చిన తొలి ఆల్బమ్ మొదటి వారంలోనే 3,60,000కు పైగా అమ్ముడుపోయింది. పత్రికలు దీనిని మైస్పేస్ విజయంగా కీర్తించాయి. బృంద సభ్యులు మాత్రం ఆ పుటతో తమకు సంబంధం లేదనే చెప్పారు.

ఆత్మప్రచారానికి ఆదర్శంగా చూపుతున్న ఈ ఉదాహరణలో నిజానికి ఆత్మప్రచారం చాలా తక్కువ. బృందం చేసినవి రెండే పనులు: విసుగులేకుండా వేదిక ఎక్కడం, పాటను చేయి జారనివ్వడం. మిగిలినదంతా శ్రోతల శ్రమ. ఆల్బమ్ రాకముందే వారికి పాటలు కంఠస్థమై, ప్రదర్శనలలో గాయకునితో గొంతు కలిపేవారు. అయితే ఆ పాట ఎవరిదో వారికి తెలుసు. పంపుకొన్నది పూర్తి పాట, దానితోపాటు బృందం పేరు. ఈ రెండో అంశాన్ని విశ్లేషకులు పట్టించుకోలేదు.

తెలుగునాట 'ఒప్పందం లేని బృందం' అన్న మాటకు అర్థం కొంత మారుతుంది. ఇక్కడ పాటల కంపెనీల వ్యాపారం ప్రధానంగా సినిమా చుట్టూ తిరిగింది కనుక, ఒప్పందం లేకపోవడమంటే చాలావరకు సినిమాకు వెలుపల ఉండటమే. హైదరాబాదుకు చెందిన చౌరస్తా బృందం జానపద బాణీకి రెగె లయను జోడించి, 'మాయ', 'ఊరెళ్లిపోత మామ' వంటి పాటలతో యూట్యూబ్‌లో శ్రోతలను సంపాదించుకుంది. నలుగురూ కలిసే కూడలి పేరునే బృందానికి పెట్టుకోవడంలో చక్కని ఔచిత్యం ఉంది. 2020లో కరోనా తొలిరోజుల్లో జాగ్రత్తలు చెబుతూ ఆ బృందం పాట కట్టింది. సమకాలీన విషయాన్ని తెలిసిన బాణీలో ఇమిడ్చి జనంలోకి వదలడం బుర్రకథ దళాలకూ ప్రజానాట్యమండలికీ బాగా తెలిసిన విద్యే. అది కేవలం ప్రచార తంత్రం కాదు. ఆ పాటకు ఆ క్షణంలో ఒక పని ఉంది. అదే బృందంలో పాడిన రామ్ మిర్యాల 2021లో 'జాతిరత్నాలు'లోని 'చిట్టి' పాటతో, 2022లో 'డీజే టిల్లు' పాటతో ఇంటింటికీ పరిచయమయ్యారు. సినిమా పిలుపునే స్వతంత్ర సంగీతానికి యోగ్యతాపత్రంగా భావించే అలవాటు మాత్రం విమర్శకులకూ ఇంకా వదలలేదు.

2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌ను నిషేధించింది. కొద్ది రోజులకే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ ఇక్కడ ప్రవేశించాయి. వీటిలో పాట ఒక వినికిడి వస్తువుగా కాక, మరొకరి దృశ్యానికి ముడిసరుకుగా తిరుగుతుంది. సాధారణంగా అందులో మిగిలేది పల్లవి, లేదా అందులోనూ సగం. తెలుగు పాట చరిత్ర తెలిసినవారికి ఇక్కడ ఒక చిక్కు కనిపించాలి. అచ్చుయంత్రం లేని కాలంలో నోటినుంచి నోటికి సాగిన పాటకు వాగ్గేయకారుడు తన గుర్తును పాటలోనే పొదిగాడు. అన్నమయ్య వేంకటేశ ముద్ర, త్యాగయ్య స్వనామ ముద్ర ఎక్కువగా చివరి చరణంలో వస్తాయి. పూర్తిగా పాడితేనే కర్త తెలుస్తాడు. పల్లవి దగ్గరే తెగిపోయే పాటలో ఆ ముద్రకు చోటే లేదు.

ఈ తెగిపోవడం ఎలా జరుగుతుందో 'బుల్లెట్టు బండి' చూపుతుంది. లక్ష్మణ్ రచన, ఎస్.కె. బాజీ సంగీతం, మోహన భోగరాజు గానంతో 2021లో వచ్చిన ఈ ప్రైవేటు పాట వెనుక నిర్మాణ సంస్థ ఉంది. గాయని అప్పటికే సినిమాల్లో పాడినవారు. అయినా ఆ ఆగస్టులో ఒక వధువు బరాతులో చేసిన నృత్యం వ్యాపించాకే అది ఊరూరా మోగింది. ఆ తరువాత పెళ్లిళ్లలో దానికి ఆడినవారిలో రచయిత పేరు ఎందరికి తెలుసు? సంస్థ అండ ఉన్న పాటకే ఈ స్థితి అయితే, అండ లేని బృందం సంగతి చెప్పనక్కరలేదు. రీలు కింద చిన్న అక్షరాల్లో పాట పేరు కనబడుతుందన్న సమాధానం సగమే నిజం. ఎవరైనా పాటను తమ ఫోనులో మళ్లీ రికార్డు చేసి ఎక్కిస్తే, అక్కడ 'ఒరిజినల్ ఆడియో' అని ఎక్కించినవారి పేరే పడే అవకాశం ఉంది.

దీనికి విరుగుడుగా బృందాలు వీడియో మూలన తమ చిహ్నం వేస్తున్నాయి, సబ్‌స్క్రైబ్ చేయమని పాటకు ముందూ వెనుకా వేడుకొంటున్నాయి. ఈ వేడుకోలు పాటకు అతుకులాగే ఉంటుంది, కత్తిరించేవాడికి మొదట దొరికేదీ అదే. కొందరు పల్లవినే పాట మొదటికి లాగి, వాద్యాల ఎత్తుగడను మింగేస్తున్నారు. ప్రచారానికి ఇది ఉపకరించవచ్చు. జముకు, డప్పు నెమ్మదిగా ఊపందుకునే జానపద ఎత్తుగడకు మాత్రం ఇది ముప్పు.

మాధ్యమం మీద నమ్మకానికి మరో పరిమితి ఉంది. పాత పాటలెన్నో మోసిన మైస్పేస్, సర్వర్ల మార్పిడిలో 2015 వరకు ఎక్కించిన పాటలు పోయాయని 2019లో ప్రకటించింది. తరువాత పేరు తెచ్చుకున్నవారి పాటలు ఇతర చోట్ల బతికాయి; తెచ్చుకోనివారికి అదే ఏకైక ప్రతి అయి ఉండవచ్చు. యూట్యూబ్‌లో పాట కింద ఉండే వివరణ కూడా అంతే అస్థిరం. రచయిత, బాణీకర్త, డోలక్ వాయించినవారు నమోదయ్యేది చాలాసార్లు అక్కడ మాత్రమే. దానిని ఎవరు ఎప్పుడు మార్చినా పాత రూపం చూసేవారికి కనిపించదు. స్వతంత్ర తెలుగు పాట మీద పరిశోధించేవారు వీక్షణల పట్టిక కంటే ముందు ఆ పేర్లను, చూసిన తేదీతో సహా, ఎత్తి రాసుకోవాలి.