క్షతగాత్రుల రక్తము: ఒక పరిశోధనపై విమర్శ

ప్రమాదములో గాయపడినవారిని ఆసుపత్రికి తెచ్చినపుడు వారి పూర్వవ్యాధులను అడిగి తెలిసికొనుటకు వ్యవధి యుండదు. ముందు నెత్తురు కారుట ఆపవలెను. ఆ నెత్తురులో హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్.ఐ.వి. అను వైరసులలో ఏదైన నున్నచో వైద్యునికే గాక, నర్సుకును, రక్తపు గుడ్డలను తీయు పనివారికిని అపాయమే. ఈ విషయమై అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో కేలెన్, ఆయన సహచరులు చేసి 1992లో ప్రకటించిన పరిశోధన ముఖ్యమైనది.

అత్యవసర చికిత్సా విభాగమునకు వచ్చిన 2,523 మంది రక్తమును వారు పరీక్షించిరి. 612 మందిలో, అనగా నూటికి 24 మందిలో, ఈ మూడింటిలో కనీసము ఒకదాని జాడ కనబడినది. విడివిడిగా చూచినచో సి నూటికి 18, హెచ్.ఐ.వి. 6, బి 5. వీనిని కూడినచో 29 వచ్చును గదా, 24 ఎట్లైనదని విద్యార్థి అడుగవచ్చును. ఒకే మనిషిలో రెండు మూడు వైరసులుండవచ్చును. అట్టివారిని మొత్తములో ఒక్కసారియే లెక్కింతురు.

మూడింటిని ఒకేసారి వెదకుట ఈ పరిశోధనలోని గొప్పగుణము. హెచ్.ఐ.వి.ని మాత్రమే పరీక్షించి యున్నచో, బి గలవారిలో నూటికి 87 మందియు, సి గలవారిలో నూటికి 80 మందియు బయటపడక పోయెడివారు. జనులు మిక్కిలి భయపడు వ్యాధియే మిక్కిలిగా దాగియుండు వ్యాధి కాదని దీనివలన తేలినది.

అయినను ఈ అంకెలకు హద్దులు కలవు. ఇది ఒక్క ఆసుపత్రి లెక్క. 24 అను అంకెను మరియొక ఊరికి అంటగట్టరాదు. మరియు, సి వైరసును ప్రతిరక్షకముల ద్వారా గుర్తించిరి. వైరసు శరీరమును విడిచిన పిదపను ప్రతిరక్షకములు మిగులును. కావున ఆ 18 మందియు వ్యాధిని అంటింపగలవారని చెప్పరాదు.

అన్నిటికంటె ముఖ్యమైన దొకటి కలదు. రోగులలో నూటికి 24 మందిలో జాడ యున్నంత మాత్రమున, వైద్యసేవకులకు నూటికి 24 వంతుల అపాయ మున్నదని కాదు. వైరసు గల రక్తముతో తడిసిన సూది గుచ్చుకొన్నచో, టీకా పొందనివారికి బి అంటు అవకాశము నూటికి 6 నుండి 30 వరకు, హెచ్.ఐ.వి. వెయ్యికి సుమారు 3 మాత్రమే. సి విషయమున పూర్వము నూటికి సుమారు 2 అనిరి. ఇటీవలి అంచనా వెయ్యికి సుమారు 2.

అట్లయిన రోగులందరికి ముందుగా పరీక్ష చేసినచో చాలదా? చాలదు. గాయము ఫలితము కొరకు ఆగదు. క్రొత్తగా సోకిన వైరసు పరీక్షకు దొరకకయు పోవచ్చును. అందుచేతనే ఎవరి రక్తమునైనను వైరసు కలదానిగానే భావించి మెలగవలెనను నియమమును అమెరికా వ్యాధినియంత్రణ కేంద్రము 1987లో ప్రకటించినది. చేతితొడుగులు, కంటి రక్షణ, వాడిన సూదికి మరల మూత పెట్టకుండుట, దానిని గట్టి డబ్బాలో వేయుట దీనిలోని పనులు. బి కి టీకా కలదు. సి కి టీకా లేదుగాని, నేటి మందులతో నూటికి 95 మందికి పైగా నయమగుచున్నది. హెచ్.ఐ.వి. సోకునను అనుమాన మున్నచో 72 గంటలలోపల, వీలైనంత త్వరగా, మందు మొదలుపెట్టవలెను.

అంకెను అపార్థము చేసికొన్నచో భయము పుట్టును. భయమువలన గాయపడినవారిని తాకువారే కరవగుదురు. సరిగా చదివినచో అదే అంకె జాగ్రత్తను నేర్పును. తరగతిలో శాతములు బోధించు ఉపాధ్యాయుడు ఈ భేదమును చూపవలెను.