కింది మెట్టు మనుషులు

ఈ వారం బెజవాడ పటమటలో కానుకలమ్మే ఒక షాపులోంచి ఒళ్ళు మండి బయటికొచ్చాను. స్నేహితుడికి షష్టిపూర్తి. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టీ కట్టీ చేతులు కాయలు కాసిన వడ్రంగి. షాపతను చూపించినవన్నీ చెక్క పలకలే. మిషను మీద పేరు కాల్చి, పక్కన రెండు పువ్వులు. పేరు మారిస్తే అదే పలక ఎవరికైనా ఇవ్వొచ్చు. జన్మంతా కలపతో బతికినవాడికి అలాంటి చెక్క ముక్క ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. స్నేహితుడికిచ్చే వస్తువు మన చేత్తోనే చెయ్యాలన్నది నా పాత పాట. ఈ కాలమ్ చదివేవాళ్ళకు కొత్త కాదు.

అందుకే కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర తెచ్చి కూర్చున్నాను. జానెడు లారీ, దాని బాడీ మీద సుత్తి ఎత్తి నిలబడ్డ మావాడు, చెవి మీద పెన్సిలు. లారీ బాడీకి వాడే కర్ర మేకునే వంచేస్తుంది. పొణికిలో గోరు కూడా దిగుతుంది. కొండపల్లివాళ్ళు బొమ్మనంతా ఒకే ముక్కలోంచి తీయరు. ఒళ్ళు వేరుగా, చేతులు వేరుగా చెక్కి, చింతగింజల పిండి ఉడికించి, అందులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ముక్కూ మీసం లాంటి సన్నపని కూడా ఆ మక్కుతోనే దిద్దుతారు. ఆరాక ఆకురాయి పట్టి, సుద్ద పూసి, ఆ తర్వాతే రంగు. ఏటికొప్పాక పద్ధతి వేరు. అక్కడి అంకుడు కర్ర తరిణె మీద తిరుగుతూ నున్నగా, గుండ్రంగా వస్తుంది. ఆ లక్క బొమ్మలకు చెట్ల నుంచి తీసిన రంగులను మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఎంతో అందమైన పని. కానీ ఫలానా మనిషి పోలిక రావాలంటే పొణికే పట్టాలి.

ఉలి పట్టుకున్నాక సందేహం మొదలైంది. కొండపల్లి పనిలో లారీ ఏమిటి? అంబారీ ఏనుగు, దశావతారాలు ఉండాల్సిన చోట కార్టూను బొమ్మలు, ఫొటో చూసి చేసిన పెళ్ళిజంటలు పెడితే నాకు గిట్టదని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను.

మా నాయనమ్మ బొమ్మల కొలువు గుర్తొచ్చింది. కంకిపాడు అవతల మా ఊళ్ళో, సంక్రాంతికి ముందు ట్రంకుపెట్టె దింపి, పాత చీరముక్కల్లో చుట్టిన బొమ్మల్ని ఒక్కొక్కటే విప్పేది. పై మెట్ల మీద దేవుళ్ళు. వాళ్ళకు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టి, కిందికి దిగేది. కింది మెట్టు మీద ఊరు. తాడిచెట్టెక్కే మనిషి, వడ్లు దంచే ఆడమనిషి, బుట్టలల్లేవాడు, ఎడ్లబండి. పొద్దుపోయేదాకా అక్కడే కూర్చుని సర్దేది. "ఇదుగో, చెరువుగట్టు గీత తాత. మోకు ఎలా బిగించాడో చూడు" అని మాకు చూపించేది. ఒక ఏడాది దంచే ఆమె చెయ్యి రోకలితో సహా ఊడిపోతే, చింతగింజ అరగదీసి తనే అతికించింది. చీర రంగు ఎక్కడ పెచ్చులూడినా పట్టించుకోలేదు గానీ, ఆ రోకలి ఎత్తు తప్పకూడదని పదిసార్లు పక్కకు వాల్చి చూసుకుంది. పేరంటానికొచ్చిన అమ్మలక్కలు దేవుళ్ళకు దణ్ణం పెట్టి, కింది మెట్టు మీద తమవాళ్ళను వెతుక్కునేవాళ్ళు. కొడుకు బెజవాడలో కండక్టరైనావిడ ఒకసారి అడిగింది: "పిన్నీ, మా వాడి బొమ్మేదీ?"

"వచ్చే ఏడు కొండపల్లిలో చెప్పి చేయిద్దాంలేవే" అంది నాయనమ్మ, ఏమాత్రం తడుముకోకుండా.

సంప్రదాయం పేరుతో నేను వద్దంటున్న పనికి మా ఇంట్లో అందరికంటే ఆచారం పట్టిన మనిషి అంత తేలిగ్గా సరేనంది. ఆలోచిస్తే న్యాయం ఆవిడ వైపే ఉంది. కొండపల్లి ఆర్యక్షత్రియులు తమ విద్యకు ముక్తఋషి మూలపురుషుడని చెప్పుకుంటారు. అయినా గీత తాతను మొదటిసారి చెక్కినవాడికి అతను ఏ పురాణంలో దొరుకుతాడు? మోకు భుజాన వేసుకుని వాకిలి ముందు నుంచి వెళ్ళేవాణ్ణి చూసే చెక్కి ఉంటాడు. మా పటమటలో ఇప్పుడు తాడెక్కేవాళ్ళు నాకు కనపడరు. బాడీ కట్టేవాళ్ళు, వెల్డింగు చేసేవాళ్ళు, టైర్లు విప్పేవాళ్ళు కనపడతారు. కింది మెట్టు వాళ్ళది. పెళ్ళిజంటల మీద నా పోరు ఈ వారంతో చాలిస్తున్నాను. ఆ జంటలో పిల్ల మెడ తిప్పే తీరు బొమ్మలో ఉంటే అది కొండపల్లి బొమ్మే.

ఇంకో పట్టు కూడా సడలింది. లారీ వరకు నా చెయ్యి చాలు. మనిషిని మాత్రం కొండపల్లి బొమ్మల కాలనీలో ఒక పెద్దాయనకు అప్పగించాను, నాకంటే ఆయన చేతిలోనే మావాడు మావాడిలా ఉంటాడు కనక. ఫొటో ఇస్తే పక్కన పెట్టేసి అడిగాడు: "ఏ చేత్తో సుత్తి పడతాడు మాస్టారూ?"

"ఎడంచేత్తో."

"నిలబడా, ఓ మోకాలు ఆనించా?"

మీరూ చేయించుకోవాలనుకుంటే ముందుగా వెళ్ళండి. పచ్చి పొణికి బాగా ఆరాలి, ఆపైన సన్నని సెగ మీద తడి పూర్తిగా పోవాలి. అప్పటికిగానీ పని మొదలుపెట్టరు. మీవాడు పనిలో ఒళ్ళు ఎలా వంచుతాడో చూసి మరీ వెళ్ళండి. మొదట అడిగేది అదే.