ఒక విద్యార్థిని తీసిన చిత్రము

విద్యార్థులు తీయు చిన్న చలనచిత్రములలో మేము తఱచుగా గాంచు దోషమొకటి కలదు: వ్యవధి తక్కువయని తొందరపడి సంస్కరణోపన్యాసమును పాత్రలచే బలికింతురు. (ఈ తొందర మా వ్యాసములకును లేకపోలేదు.)

పుణే ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటులో జదువుచు పాయల్ కపాడియా తీసిన ‘ఆఫ్టర్‌నూన్ క్లౌడ్స్’ 2017లో కాన్ చిత్రోత్సవపు విద్యార్థి విభాగమున కెన్నికయైనది. నిడివి 13 నిమిషములు. అఱువదేండ్ల వితంతువు కాకీ (అనగా పినతల్లి), ఆమె యింట పనిచేయు నేపాళ యువతి మాల్తీ, ఒక మధ్యాహ్నము: ఇంతియే కథ.

1881లో వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున వితంతు వివాహము జరిపించినది మొదలు మన రచనలలో వితంతువు ఉద్ధరింపబడవలసిన స్త్రీయే. ఈ విద్యార్థిని యెవరినిగాని యుద్ధరింపబూనలేదు. వారి చెంత గూర్చుండి చూచినది. అందుచేతనే 13 నిమిషములు చాలినవి.

అయినను ఇద్దఱి యొంటరితనమును సమముగా దూచినట్లు తోచినది. అది మాకు సమ్మతము గాదు. కాకీ తన యింట నొంటరి, మాల్తీ పరుల యింట. 2024లో కాన్‌లో గ్రాన్ ప్రీ బడసిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’లో కపాడియా మఱల నొక వితంతువును జూపినది. ఈ పార్వతి ఆసుపత్రిలో వంట చేయును. కాగితములు లేక ముంబయిలోని తన యింటిని విడువవలసివచ్చును.