కుళాయి దాకా వచ్చి ఆగితే

‘మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే’ అన్న నినాదం ఈ వారం మళ్ళీ కంటపడింది. దాని మీద నాకున్న చిరాకు ఈ కాలమ్ పాఠకులకు కొత్త కాదు. నల్లగొండ జిల్లా మర్రిగూడ పల్లెల్లో ఎముకలు వంకరపోయిన మనిషి ఏ దురలవాటు మానుకుని ఉండాల్సింది? నీళ్ళు తాగడమా? అక్కడి గ్రానైటులోని ఫ్లోరైడు బోరునీళ్ళలో కలుస్తుంది. వేరే దిక్కు లేకపోయినా లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. దాటినా నాలుకకు తెలియదు. నెల్లూరు ప్రాంతంలో ఈ ఫ్లోరైడు జబ్బు గురించి వైద్యులు 1937లోనే రాశారు. రోగిని ‘ఏం తింటావు?’ అనే ముందు ‘ఏ ఊరు మీది?’ అని అడగమని నేను పోరేది ఇందుకే.

అలాగని నేరమంతా రాయి మీదకు నెట్టేస్తే సర్కార్లకు అంతకన్నా సుఖం లేదు. రాయి ఎప్పటినుంచో ఉంది, దాన్ని తొలిచి లోతుకు దిగిన బోర్లే కొత్తవి. 1970లలో నల్లగొండ వైపు పిల్లల వంగిన మోకాళ్ళను పరిశీలించిన హైదరాబాదు పోషకాహార శాస్త్రవేత్తలు జొన్న తిండినీ, నాగార్జునసాగర్ వచ్చాక మారిన భూగర్భజలాన్నీ కూడా అనుమానించారు. అంటే ఊరి నేలలో డ్యామూ, మోటారూ, కంచంలోని సంకటీ కలిసే ఉన్నాయి. పటికా సున్నమూ కలిపి ఫ్లోరైడు తగ్గించే పద్ధతికి నల్లగొండ పేరే పెట్టుకున్నాం. అయితే రోజూ మోతాదు చూసే మనిషి ఉంటేనే అది పనిచేస్తుంది. నదినీళ్ళు కుళాయికి రావడమే అసలు మందు. వంగిన ఎముక మాత్రం దానితో తిరిగి నిలబడదు.

మరి మంచినీళ్ళిస్తే సరిపోతుందిగా అంటారా? శ్రీకాకుళం ఉద్దానంలో ఈ ధీమా చెల్లదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు కొబ్బరి, జీడితోటల మధ్య షుగరూ బీపీ లేనివాళ్ళకూ కిడ్నీలు దెబ్బతింటున్నాయి. కారణం ఇంకా తేలలేదు. హిరమండలం రిజర్వాయరు నీళ్ళు తేవడం మంచిదే, నేను కాదనను. కానీ మధ్య అమెరికా చెరకు కూలీల్లో ఇలాంటి జబ్బే ఉంది. అక్కడి పరిశోధనలు మండుటెండలో చాకిరీ వైపూ, ఒంట్లో నీరు ఇంకిపోవడం వైపూ వేలు చూపుతున్నాయి. ఉద్దానంలోనూ అందులో కొంత నిజముంటే, ఇంటి కుళాయి మిట్టమధ్యాహ్నపు పొలం దాకా రాదు. కారణం తేలకుండా ఖర్చెందుకన్న అభ్యంతరానికి నా జవాబు చిన్నదే: నీడకూ, విరామానికీ, పనిచోట కుండెడు నీళ్ళకూ రుజువు దొరికేదాకా ఆగక్కర్లేదు, వాటివల్ల ఎవరికీ చెడు జరగదు. కనుక నా పాత ప్రశ్న ఒక్కటే చాలదు. ఆస్పత్రి చీటీలో ఊరి పేరు పక్కన రోగి చేసే పనీ, ఎండలో గడిపే గంటలూ రాయాలి.