తీరిక వేళ పని

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఎగ్జిబిషన్‌లో కొన్న చేతిసంచి తెచ్చి చూపించింది. కోరా గుడ్డ మీద నర్సాపురం లేసు పువ్వులు. "ఎంత బాగుందో చూడు పిన్నీ!" అంది. నిజంగానే బాగుంది. దానికి వేలాడుతున్న అట్టముక్క చదివాకే నాకు చిర్రెత్తుకొచ్చింది: "గృహిణులు తీరిక వేళల్లో అల్లినది."

పాలకొల్లు పెద్దమ్మ ఊసు లేకుండా నేను లేసు గురించి రాయలేనని ఈ కాలమ్ చదివేవాళ్లకు తెలుసు. మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని, ఎడమ చూపుడువేలికి దారం చుట్టుకుని, కొక్కెం సూదితో ముడిలోంచి ముడి లాగుతుండేది. మాటల్లో పడితే చూపు మా మీద ఉండేది, వేళ్లు మాత్రం లెక్క తప్పేవి కావు. ఎసరు పెట్టి వచ్చి రెండు రేకులు, అన్నం వార్చి వచ్చి మరో రెండు. చేతిపని ఆవిడది, పువ్వులన్నీ కలిపే అతుకుపని వెనకవీధి ఆవిడది. ఏజెంటు దారం ఇచ్చి, పువ్వులు పట్టుకెళ్లేవాడు. అవన్నీ కలిసి టేబుల్ క్లాత్ అయ్యాక ఎలా ఉంటుందో పెద్దమ్మ ఏనాడూ చూడలేదు.

నర్సాపురం లేసు అల్లేవాళ్ల మీద 1982లో వచ్చిన పుస్తకంలో మారియా మీస్ తేల్చి చెప్పింది ఇదే. విదేశాలకు వెళ్లే సరుకు వాళ్ల చేతుల్లో తయారవుతున్నా, ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడవాళ్ల కాలక్షేపంగానే దాన్ని జమకట్టారు. కూలి అంత తక్కువ కావడానికి అదే దారి. 2024లో ఆ లేసుకు జీఐ గుర్తింపు దక్కింది, సంతోషం. నాకు అంతకన్నా నచ్చేది ఫెయిర్ ట్రేడ్ నియమాల్లో ఒకటుంది: చేతిపనుల ఆర్డరుకు, అడిగితే, కనీసం సగం సొమ్ము వడ్డీ లేకుండా ముందే ఇవ్వాలి.

ఇన్నేళ్లుగా "ఇది పని కాదు, కళ" అని ఇక్కడే ఎన్నోసార్లు రాశాను. ప్రేమతోనే రాశాను. ఈ వారం ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కళ అన్నప్పుడల్లా గంటల లెక్క పక్కకు పోతోంది. ఇది పని.

పెద్దమ్మకు ఫోన్ చేశాను. "ఒక్కో పువ్వుకి ఎంతసేపు పట్టేది పెద్దమ్మా?"

"దారం కొలిచి ఇచ్చేవాడే గానీ టైము ఎవరు కొలిచారే అమ్మాయ్?" అంది. కాసేపు ఆగి, "చూపు బాగున్న రోజుల్లో ముప్పావుగంట," అంది.

సంచి మీద పువ్వులు లెక్కపెట్టాం. 18. మా పిల్ల ఆ అట్టముక్క వెనక్కి తిప్పి, పెన్నుతో రాసింది: "పదమూడున్నర గంటలు, అతుకుపని కాకుండా."