మోకాలు చెప్పే వయసు

1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' చూసొచ్చాక మా శ్రీకూర్మంలో దొరికిన తాటిమట్టలన్నీ తుపాకులైపోయాయి. కె.ఎస్.ఆర్. దాస్ తీసిన ఆ సినిమాలో కృష్ణ గుర్రమెక్కి చేసినవన్నీ మేం గుడి వెనక వీధుల్లో కాలినడకన చేసేవాళ్ళం. ఇంగ్లీషు కౌబాయ్ సినిమాల పోస్టర్లలో చూసి, మట్టకి అడుగున ఇనపతీగ ఒకటి వంచి కట్టుకున్నాం. దాన్ని కిందికీ పైకీ ఆడిస్తూ నోటితో చప్పుడు చేయాలి. తీగ ఎందుకు ఆడించాలో, ఆడిస్తే లోపల ఏమవుతుందో మాలో ఒక్కడికీ తెలీదు.

అది తెలియడానికి యాభై ఏళ్ళు పట్టింది. టెక్సాస్‌లో ఉంటున్న మా మేనల్లుడు తన గ్యారేజీలో బల్లమీద పాత దుప్పటి పరిచి దానిమీద ఒక లీవర్ రైఫిల్ పెట్టాడు. "లీవర్ మొండికేస్తున్నట్టుంది మావయ్యా, ఓపాలి సూడు" అన్నాడు. జనపనార మిల్లులో ముప్పై ఏళ్ళు ఫిట్టరుగా చేసినవాణ్ణి, చూడమంటే ఆగుతానా? ముందు ఖాళీ చేసి చూపించమన్నాను. లీవర్ కిందికి లాగి, తూటాల గొట్టం ఖాళీగా ఉందని చూపించి, తూటా కూర్చునే గదిలోకి చిటికెన వేలు పెట్టి మరీ చూపించాడు. అప్పుడు స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

అది పాత తుపాకీ కాదు, పాతదానికి నకలు. అసలుది 1873లో వించెస్టర్ కంపెనీ తెచ్చిన మోడల్. ఈ నకలు ఇటలీలోని గార్డోనే వాల్ ట్రోంపియా అనే ఊళ్ళో ఉబెర్తి కంపెనీలో తయారైంది. బెరెట్టా వాళ్ళు 1526 నుంచీ తుపాకీ గొట్టాలు చేస్తున్న లోయ అది. అక్కడ 1959లో ఆల్డో ఉబెర్తి అమెరికా పాత తుపాకులకు నకళ్ళు చేయడం మొదలెట్టాడు. కొన్నేళ్ళకే ఇటలీవాళ్ళు కౌబాయ్ సినిమాలూ తీశారు. వాటిని చూసి మనవాళ్ళు తీశారు. ఆ లెక్కన నా తాటిమట్టకీ ఈ రైఫిల్‌కీ దూరపు చుట్టరికం ఉంది.

పక్క రేకు ఊడదీయడంలోనే మనిషి చెయ్యి తెలుస్తుంది. స్క్రూ తలలోని గాడికి సరిపోయే మొన ఉన్న డ్రైవరే వాడాలి, లేకపోతే గాడి నలిగి పళ్ళూడిన నోరులా అవుతుంది. స్క్రూ తీశాక రేకు అంచులో మొన దూర్చి ఎత్తకూడదు. తుపాకీని పక్కకి తిప్పి, చెక్క పిడితో రెండు దెబ్బలు మెల్లగా తడితే రేకు దానంతటదే లేచి వస్తుంది. అంత దగ్గరగా అమర్చారు మరి. మూసి ఉన్నప్పుడు ఆ అతుకు గోటికి తగలదు.

లోపల చూస్తే, రెండు పక్కలా ఒక్కో జత ఉక్కు లింకులు. ఒక్కో జతలో రెండు ముక్కలు, నడుమ కీలు. ముందు ముక్క, తూటా వెనక మూతలా నిలిచే బోల్టుకి ఆనుతుంది, వెనక ముక్క తుపాకీ చట్రానికి ఆనుతుంది. అచ్చంగా తొడ, పిక్క, మధ్యలో మోకాలు. లీవర్ కిందికి లాగితే మోకాలు మడుచుకుంటుంది, బోల్టు వెనక్కి వస్తుంది. లీవర్ మూస్తే మోకాలు చాచుకుని, ముక్కలు రెండూ ఒకే గీతలోకి వచ్చి నిలుస్తాయి. తూటా పేలినప్పుడు వెనక్కి తన్నే బలమంతా ఆ గీత వెంబడే పోతుంది. మిల్లులో హమాలీలు జనుము బేళ్ళు మోసేటప్పుడు చూసేవాణ్ణి. మోకాలు నిటారుగా ఉన్నంతసేపూ ఎంత బరువైనా నిలబడతారు, కాస్త వంగితే కాళ్ళు వణుకుతాయి. బెంజమిన్ టైలర్ హెన్రీ 1860లో పేటెంటు తీసుకున్న రైఫిల్‌లో ఉన్నదీ ఈ మోకాలే. తరవాత మాక్సిమ్ మెషిన్‌గన్‌లోకీ ఇదే ఎక్కింది.

మిగతా పనులన్నీ ఆ ఒక్క ఊపులోనే జరిగిపోతాయి. బోల్టు వెనక్కి వస్తూ దాని కొసనున్న కొక్కెంతో ఖాళీ గుల్లను లాక్కొస్తుంది. వెనక్కి వచ్చిన బోల్టే హ్యామర్‌ని వంచి పెడుతుంది. లీవర్ చివరి అంగుళం దాకా వచ్చేసరికి కింద క్యారియర్ అనే ఇత్తడి దిమ్మ ఒక్కసారిగా పైకి లేస్తుంది. దాని కడుపులో కొత్త తూటా ఉంటుంది. లేస్తూ లేస్తూ పాత గుల్లను కిందినుంచి తన్ని బయటికి ఎగరేస్తుంది. గుల్లను గెంటడానికి వేరే భాగమంటూ లేదు, వచ్చేవాడే పోయేవాణ్ణి సాగనంపుతాడు. అందుకే తూటా పొడవు ఆ దిమ్మ పొడవుకి సరిపోవాలి. తూటా పొట్టిదైతే తూటాల గొట్టంలో దాని వెనకున్నది కొంత లోపలికి జొరబడి దిమ్మను లేవనివ్వదు. సగం మూసినప్పుడు పేలకుండా కూడా ఓ కాపలా పెట్టారు. లీవర్ పూర్తిగా మూసుకునేదాకా ట్రిగ్గర్ కదలకుండా చిన్న అడ్డు ఉంటుంది, మూసిన లీవరే దాన్ని నొక్కి దారి ఇస్తుంది.

ఆ ఇత్తడి దిమ్మను చేతిలోకి తీసుకుంటే మా బుడితి గుర్తొచ్చింది. మా జిల్లాలోనే సరుబుజ్జిలి దగ్గర ఊరు, కంచు ఇత్తడి సామానుకి పేరుపడ్డది. ఉక్కు గాడిలో ఉక్కు దిమ్మ ఆడితే రెండూ ఒకదాన్నొకటి గీరుకుని పట్టేస్తాయి. ఇత్తడిదైతే తాను కాస్త అరిగి గాడిని కాపాడుతుంది. దీని అన్న 1866 మోడల్‌కైతే చట్రమే గన్‌మెటల్, అందుకే అది పసుపు పచ్చగా మెరిసేది. మిల్లులో లెక్కలేనన్ని గన్‌మెటల్ బుష్షులు మార్చాను గానీ ఆ పేరులో తుపాకీ ఎందుకుందో ఆ గ్యారేజీలోనే తట్టింది.

మావాడు శనివారాల్లో కౌబాయ్ వేషం కట్టి పోటీకి పోతాడు. పందొమ్మిదో శతాబ్దపు నమూనా తుపాకులే వాడాలని అక్కడ నియమం. ఈ పోటీల్ని నడిపించే సంఘం 1987లో కాలిఫోర్నియాలో మొదలైంది. ఆ రోజుల్లో అసలుది కొన్న పశువుల కాపరి ఏడాదంతా కాల్చినన్ని తూటాలు వీడు ఒక్క పూటలో కాల్చేస్తాడేమో. అరుగుదల నకలుకే ఎక్కువ. నలుపు పూత లీవర్ చుట్టూ, చెయ్యి ఆనే చోటల్లా పోయి తెల్ల ఉక్కు బయటపడింది. దాన్ని చూసి మావాడు దిగులుపడుతున్నాడు. అది చర్మం. నేను వెతికేది కీళ్ళలో.

లింకులు రెండు వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ ఆడించాను. మిల్లులో మేం దీన్ని 'లూజు' అనేవాళ్ళం. పిన్ను ఒక వెంట్రుకంత అరుగుతుంది, రంధ్రం మరో వెంట్రుకంత పెరుగుతుంది. బరువెప్పుడూ ఒకే దిక్కున పడుతుంది కాబట్టి గుండ్రటి రంధ్రం గుండ్రంగా పెరగదు, కోడిగుడ్డు అవుతుంది. ఒక్కో కీలు దగ్గర వెంట్రుకే, కానీ కీళ్ళన్నిటి లూజూ కలిసి బోల్టు దగ్గరికి చేరుతుంది. అప్పుడు మూసిన బోల్టుకీ తూటాకీ మధ్య సందు పడుతుంది. ఆ సందుని కంటితో చూడలేం, పేలిన గుల్ల చూపిస్తుంది. గుల్ల అడుగున ఉండే చిన్న టోపీ దాని గుంటలోంచి కాస్త పైకి లేచి కనిపిస్తుంది. మావాడు బకెట్లోంచి పిడికెడు గుల్లలు తెచ్చి బల్లమీద పోశాడు. ఒక్కొక్కదాని అడుగూ బొటనవేలితో తడిమాను. అన్నీ నున్నగానే ఉన్నాయి.

మరి లీవర్ మొండితనం ఎక్కడిది? ఆ దిమ్మను ఎత్తే చేతికీ, లీవర్‌కీ కింద చెరొక బద్ద స్ప్రింగు ఉంది, ఒక్కో స్క్రూతో బిగించి. కాల్చిన ప్రతిసారీ అదురు తగిలి ఆ స్క్రూలే ముందు వదులవుతాయి. ఒకటి అప్పటికే పావు మలుపు తిరిగి ఉంది. దాని చుట్టూ నల్లటి పేస్టు.

ఆ పేస్టు కథ వేరు. మావాడు అప్పుడప్పుడు పాతకాలపు నల్ల తుపాకిమందు కాలుస్తాడు. నల్ల తుపాకిమందు కాలితే బరువులో సగానికి పైగా గట్టి మసిగా మిగులుతుంది. అందులోని పొటాషియం లవణాలు గాలిలో తేమని పీల్చి ఇనుముని తుప్పు పట్టిస్తాయి, మా ఊరి సముద్రపు గాలి పడవ మేకుల్ని తినేసినట్టు. దాన్ని కడగాల్సింది నూనెతో కాదు, వేడి నీళ్ళతో. నీళ్ళకి మసి కరుగుతుంది, వేడికి ఉక్కు తొందరగా ఆరుతుంది. ఆ తరవాతే కందెన, అదీ వేలికి అంటినంతే. మావాడు మసిమీదే నూనె ధారగా పోశాడు. ఆనాటి 44-40 తూటా గుల్ల మెడ పల్చగా ఉండి, పేలగానే ఉబ్బి గది గోడకి అతుక్కుని మసిని వెనక్కి రానిచ్చేది కాదు. వీడిది 45 కోల్ట్, మందపాటి తిన్నటి గుల్ల. అసలు తుపాకీకి ఆ తూటా ఏనాడూ లేదు, నకళ్ళకే వచ్చింది. మసి మెకానిజంలోకి రావడానికి సగం కారణం అదే.

"1892 మోడల్ కొనుక్కోనా మావయ్యా, అది గట్టిదంట" అన్నాడు. గట్టిదే. జాన్ బ్రౌనింగ్ అందులో మోకాలు తీసేసి, బోల్టు వెనక రెండు నిలువు గడియలు పెట్టాడు. కానీ ఈ మోకాలు మడిచేటప్పుడు చేతికి తెలిసే మెత్తదనం దానికి రాదని నా అభిప్రాయం. పోటీకి వచ్చేవాళ్ళలో చాలామంది పాతదాన్నే పట్టుకు వేలాడుతున్నారంటే, లింకుల కొలత మార్చి లీవర్ తిరిగే దూరం ఇంకా తగ్గించుకుంటున్నారంటే, వాళ్ళ చేతులకీ అదే తెలిసుండాలి.

అన్నీ కడిగి, ఆరబెట్టి, స్క్రూ బిగించి, కీలుకో చుక్క చొప్పున కందెన వేసి, లింకులు పెట్టి రేకు మూశాను. పిన్నులు మార్చమంటావా అని అడిగాడు.

"ఇప్పుడొద్దు. లూజు తగిలిన నాడు పిన్ను మార్చు, లింకు జోలికి పోకు. పిన్ను అరిగితే రేపు ఇంకోటి దొరుకుతాది, రంధ్రం అరిగితే లింకే పోతాది."

లీవర్ ఒకసారి కిందికి లాగి మూశాడు. చివర్లో మోకాలు చాచుకున్నప్పుడు చిన్న చప్పుడైంది. తాటిమట్ట పట్టుకుని మేం నోటితో చేసిన చప్పుడు దానికి ఎక్కడా దగ్గర కాదు.